తేట నీళ్లు

"దీపాలు ఆర్పెయ్" అన్నాడు ఆర్నుల్ఫో.

"ఇంకా రెండు గంటలు వెలగాలి." యులాలియా మీట మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

తెవాకాన్‌లో జీన్సు ప్యాంట్లు ఉతికే లాండ్రీ అది. ఆర్నుల్ఫో మేనేజరు. మురుగునీళ్ల తొట్టి యులాలియా చూస్తుంది. నీలం నీళ్లలో తెల్లటి ఉత్ప్రేరకం పొడి కలిపి పైన అతినీలలోహిత దీపాలు వెలిగిస్తే, అరగంటలో రంగు పోతుంది.

"కళ్లు కనిపించడం లేదా ఇంజినీరమ్మా? అద్దంలా ఉన్నాయి నీళ్లు. కరెంటు బిల్లు మీ నాన్న కడతాడా?"

"పోయింది రంగే. విషం ముక్కలై అందులోనే ఉంది. అదీ పోవాలంటే ఇంకా రెండు గంటలు."

"ముక్కలు నాకు కనపడవు. తనిఖీ వాళ్లకూ కనపడవు." ఆమె చెయ్యి తోసేసి మీట దించాడు. మీట ఉన్న పెట్టెకు తాళం వేసి, కాలవలోకి తూము ఎత్తేశాడు.

అప్పుడే గేటు దగ్గరికి కాలవ దిగువ రైతు నికానోర్ వచ్చాడు. చేతిలో గుడ్డ మూట, అందులో మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన పిండి తమాలేలు.

"పదేళ్లుగా తిట్టడానికే వచ్చాను ఇక్కడికి. ఇవాళ తమాలేలు తెచ్చాను, వేడిగా ఉన్నాయి, తిను తల్లీ. ఈ దీపాలొచ్చాక కాలవ ఎంత తేటగా ఉందో. మధ్యాహ్నం మేకల్ని దింపుతున్నా. మనవరాలు ఈత కొడతానంటోంది."

"వద్దు తాతా. ఆ నీళ్లు మంచివి కావు."

ముసలాయన నవ్వాడు. "నీలంగా ఉన్నప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకుండానే దూరంగా ఉన్నాం. ఇంత తేటగా ఉంటే ఎట్లా నమ్మమంటావు?"

"అట్లా అడుగు పెద్దాయనా" అన్నాడు ఆర్నుల్ఫో. "చదువెక్కువై ఈవిడకి నీళ్లలో దయ్యాలు కనిపిస్తున్నాయి."

యులాలియా పళ్లు కొరుక్కుంది. మూట అరచేతులకి వెచ్చగా తగులుతుంటే ముసలాయన మొహం చూడలేక, విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గేటు దగ్గర గోల. ముందు నికానోర్, వెనక సగం ఊరు. ఈసారి చేతుల్లో కర్రలు.

"కాలవ నిండా నీలమే. మేకలు మూతి కూడా పెట్టకుండా వెనక్కి మళ్లాయి. పిల్లని రెక్క పట్టుకుని గట్టు మీదికి లాగాను. తేట నీళ్లని నమ్మించి ఇదా మీరు చేసేది? దీపాలు వెలిగించండి. పొద్దుగూకేదాకా ఆర్పడానికి వీల్లేదు. ఇక్కడే కూర్చుంటాం."

ఆర్నుల్ఫో మొహం పాలిపోయింది. తూము దించి, తాళం తీసి, మీట ఎత్తాడు. దీపాలు వెలిగాయి.

"నేను తేట నీళ్లే కదా వదిలాను. ఎవడు చేశాడీ పని?" అని అరుస్తూ వెనక్కి తిరిగాడు.

ఖాళీ రంగు పీపా మీద కూర్చుని, మోచేతుల దాకా నీలంగా ఉన్న చేతులతో, యులాలియా తాపీగా తమాలే విప్పుతోంది.