నడిమి బీడీలు

"రేపు ఆ పిల్లకు నౌకరి దొరకకపోతే, నీలం నగర్‌కొచ్చి మన దర్వాజ ముందర కూసుంటదేమోనే" అంది నర్సుబాయి, బీడీలు చుడుతూ.

ఆన్‌లైన్ డిగ్రీలో ఎవరికి ఏ కోర్సు మంచిదో ఫోనులో సలహా చెప్పడం పెద్దకూతురు ఋతుజ ఉద్యోగం. ఇప్పుడే ఒక అమ్మాయిని కోర్సులో చేరడానికి ఒప్పించి ఫోను పెట్టింది.

"నీకు అన్నిటికీ ఫికరేనే అమ్మా. ఇంట్ల కూసొని సదువుకుంటది, మంచిదే గద."

"అట్లయితే నీ చెల్లె పూనంను గూడ అండ్లనే చేర్పియ్యి. అది కాలేజికి బస్సుల పోయొచ్చేదాక నా పానం కొట్టుకుంటది."



కార్ఖానాలో తనిఖీ చేసేవాళ్లు ఏరి పారేయకుండా ఉండాలని, వదులు బీడీలను ఎప్పట్లాగే కట్ట నడుమ పెట్టి, గట్టివి చుట్టూ పేర్చి దారం కట్టింది నర్సుబాయి. ఋతుజ ఆ కట్టనే చూస్తూ కూర్చుంది.

"వద్దే అమ్మా" అంది చివరికి. "పూనంను కాలేజికే పోనియ్యి."