ఆదివారం చప్పుడు

“టకటక కాదయ్యా! టంగు... టంగు... టంగు. రేకు డబ్బాలో రాయి వేసి ఊపినట్టు!” ఫోనులో అరుస్తున్నాడతను. రెండో చేత్తో జీపు బానెట్టు ఎత్తి పట్టుకున్నాడు. లోపల డీజిలింజను ఇల్లంతా అదిరేలా మోగుతోంది.

అవతలినుంచి మెకానిక్ ఏదో అన్నాడు.

“మళ్లీ అదే మాట! నువ్వు ఇంజను దించితే అది మళ్లీ ఎక్కేదాకా నేను ఉద్యోగం మానుకుని నీ షెడ్డులో పడుండాలి!” అని ఫోను పెట్టేశాడు.

గుమ్మంలో భార్య చేతులు కట్టుకుని నిలబడింది.

“అయిందా భజన? వాడిన బండి వద్దని ముందే మొత్తుకున్నాను. బీమా ఆఫీసులో కుర్చీలో కూర్చునే మనిషికి కొండలెక్కే జీపెందుకండీ? ఆఫీసు మెట్లెక్కడానికే ఆయాసం మీకు!”

“నిన్న సాయంత్రం దాకా బాగానే ఉందే!”

“మొన్నటిదాకా మామయ్య కూడా బాగానే ఉన్నారు. ఆ గదిలోకి ఒక్కసారైనా తొంగి చూశారా?”

అతను బానెట్టు దించేశాడు.

అతని తండ్రి, ఆ పెద్దాయన, బస్సు డిపోలో హెడ్ మెకానిక్‌గా బతుకంతా గడిపిన మనిషి. రిటైరైన మర్నాటినుంచీ గదిలో కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. పలకరిస్తే ‘ఊఁ’, లేకపోతే అదీ లేదు. కంచంలో సగం వదిలేస్తున్నాడు. “ఒంట్లో ఏ జబ్బూ లేదు. కానీ ఇలాగే కూర్చోనిస్తే మీకు ఎక్కువకాలం దక్కరు” అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటినుంచీ కోడలికి కంటిమీద కునుకు లేదు. బతిమాలింది, కోప్పడింది, అలా వీధిలోకి నడిచొద్దాం రమ్మంది. ఆయన కదిలితే ఒట్టు.

“పైగా సరిగ్గా ఆయన కిటికీ కిందే పెట్టారు ఆ గోల!” అంది కోడలు.

అతనికి ఒళ్లు మండింది. జీపెక్కి కూర్చుని కసిగా యాక్సిలరేటరు తొక్కి రేసు చేశాడు.

“ఒరేయ్! దాని పీక నొక్కకురా!”

కేక కిటికీలోంచి వచ్చింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“ఇంజను దించాలంటున్నాడు నాన్నా మెకానిక్.”

“వాడి మొహం! మళ్లీ రేసు చెయ్యి. ఇంకా... ఇప్పుడు వదిలెయ్యి. ఏం విన్నావు?”

“చప్పుడు.”

“నీ తలకాయ! రేసు చేస్తే మాయమవుతోంది, వదిలేస్తే మోగుతోంది. లోపల దెబ్బతింటే వేగంతోపాటు చప్పుడూ పెరగాలి కదరా? అది ఇంజను కాదు. దాని పక్కన రేకేదో ఊగుతోంది. కింద చూడు.”

“కింద ఎక్కడ?”

“కిందంటే కిందేరా దద్దమ్మా! ఉండు, నువ్వు చూస్తే తెల్లారినట్టే.”

చొక్కా చేతులు మడుచుకుంటూ పెద్దాయన గడప దాటి బయటికొచ్చాడు. గోనెపట్టా పరుచుకుని జీపు కిందికి దూరాడు. రాళ్లు ఇంజనుకి తగలకుండా బిగించిన గార్డు ప్లేటుకి ఒక మూల బోల్టు వదులైంది. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఊఁ” అన్నాడు. మళ్లీ ఎక్కించి బిగించాడు. చప్పుడు పోయింది.

ఆ పూట కంచం ఖాళీ అయింది. కొడుకుని తిడుతూనే మారు వడ్డించుకున్నాడాయన.

తరవాతి ఆదివారం కీచుమని కొత్త చప్పుడు. కొడుకు జుట్టు పీక్కుంటుంటే, పెద్దాయన కుర్చీలోంచి లేస్తూనే “ఫ్యాను బెల్టు” అన్నాడు. ఆపై వారం వెనకనుంచి గలగల. ఈసారి ముందు సీట్లో కూర్చుని, వీధి చివరిదాకా పోయొచ్చి, సైలెన్సరు గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు వదులైందని చూపించాడు. వాషర్లు తేవడానికి ఎవరూ అడక్కుండానే కొట్టుదాకా నడిచి వెళ్లాడు. ఆదివారమంటే పొద్దున్నే గడ్డం గీసుకుని తయారుగా ఉంటున్నాడు.

ఇల్లాలు మాత్రం చప్పుడు విన్నప్పుడల్లా “మళ్లీ మొదలా! ఈ డొక్కు బండి నా ప్రాణానికొచ్చింది!” అని నెత్తి కొట్టుకుంటోంది.

ఈ ఆదివారం బానెట్టు గడగడలాడింది. పెద్దాయన గొళ్లెం సరిచేసి వేశాడు. కొడుకు చేతిలోని మసిగుడ్డ నేలకేసి కొట్టాడు.

“అయిపోయింది! ఇక నావల్ల కాదు. ఒకటి బిగిస్తే ఇంకోటి ఊడుతుంది. ఆదివారం హాయిగా పడుకుని ఎన్నాళ్లయిందో! ఆఫీసులో మావాడొకడు కొంటానన్నాడు. రేపే ఇచ్చేస్తా.”

భార్య వైపు తిరిగాడు. “ఏం, మాట్లాడవేం? నువ్వు కోరుకున్నదేగా?”

“నన్నడుగుతారేం? మామయ్యనడగండి.”

“ఇచ్చేస్తావా?” పెద్దాయన కళ్లెర్రజేశాడు. “ఈ చప్పుళ్ల బండిని పక్కవాడి నెత్తిన రుద్ది, మర్నాడు వాడి మొహం ఎలా చూస్తావురా? ముందు పూర్తిగా బాగవనీ. అప్పుడమ్ము.”

“అది బాగయ్యేదెప్పుడు నాన్నా?”

“ఇలాంటి బండ్లతో తొందర పనికిరాదు,” అన్నాడు పెద్దాయన గంభీరంగా.

కొడుకు తల పట్టుకుని, చేతులు కడుక్కోవడానికి విసవిసా లోపలికి పోయాడు. కోడలు టీ గ్లాసు తెచ్చి మామగారి చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగాడు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాక, గొంతు తగ్గించాడు.

“వచ్చేవారం కాస్త కష్టమైన బోల్టు వదులు చెయ్యమ్మా!”