సోర్సు మార్చి చూపించు

“ఈ ప్రాజెక్టు ఎక్కడ కొన్నావమ్మా?”

గుడివాడ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా వచ్చిన పూర్ణచంద్రరావు తలెత్తకుండానే అడిగాడు. బందరు కాలేజీలో ఎం.సి.ఏ. ఆఖరి వైవా జరుగుతోంది. ఫ్యాను కింద కుర్చీలో ఆయన, పక్క కుర్చీలో ఆ కాలేజీ లెక్చరరు శివరామయ్య. ఎదురుగా నిలబడి రాజకుమారి.

“కొనలేదండి. నేనే రాశాను.”

“పొద్దుట్నించీ ఈ మాటే వింటున్నాను.”

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ రోజుల్లో విజయవాడ వెళ్తే టీ కొన్నంత తేలిగ్గా ప్రాజెక్టు దొరికేది. అట్ట మీద పేరు మార్చి, బంగారు రంగు అక్షరాలు కొట్టిస్తే చదువు పూర్తయిపోయినట్టే.

“నీది కొన్నదేనని శివరామయ్యగారు ముందే చెప్పారు.”

రాజకుమారి శివరామయ్య వైపు చూసింది. ఆయన ఫ్యానుని జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

“సరే, ఏం చేస్తుంది ఇది?” అన్నాడు పూర్ణచంద్రరావు.

“ఫోనులో పాటలూ మాటలూ వినిపిస్తుందండి.”

“ఆ మాత్రం ఫోనే వినిపిస్తుందిగా. మధ్యలో నువ్వెందుకు?”

“ఇందులో శబ్దం ఎక్కడున్నా ఫరవాలేదండి. ప్రోగ్రాముతో కలిపి ఇచ్చిందైనా, మెమరీ కార్డులోదైనా, నెట్‌లోదైనా. అదెక్కడుందో, ఏ రకం ఫైలో ఒక్కచోట రాస్తే చాలు. మిగతా ప్రోగ్రాము ముట్టుకోనక్కర్లేదు. దాన్నే మీడియా సోర్సు అంటారు.”

“చోటు చెప్పావుగా. మళ్ళీ రకం ఎందుకు?”

“రకం తప్పు చెబితే ఫోను నోరు విప్పదండి.”

“బట్టీ బాగానే పట్టావు.”

తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ క్లాసువాళ్ళు కిసుక్కున నవ్వారు. అందులో సగంమంది ప్రాజెక్టులు విజయవాడవే.

పూర్ణచంద్రరావు కుర్చీలో వెనక్కి వాలాడు. “బట్టీకి నా దగ్గర మందుంది. సోర్సు మార్చి చూపించు. నీ ప్రోగ్రాములో లేని శబ్దం ఏదైనా సరే, ఇప్పుడు, నా కళ్ళముందు వినిపించు. వినిపిస్తే పాసు. లేకపోతే మళ్ళీ ఏడాది కలుద్దాం.”

మళ్ళీ ఏడాది అంటే హైదరాబాదులో వచ్చే నెల చేరాల్సిన ఉద్యోగం పోయినట్టే.

“ఎందుకులెండి సార్, టైము వేస్టు,” శివరామయ్య ముందుకు వంగాడు. “బయట చాలామంది ఉన్నారు. ఫెయిల్ రాసేద్దాం.”

“మీకెందుకండీ అంత తొందర?” అంది రాజకుమారి.

“చూశారా సార్, పొగరు! గిలకలదిండి చేపలరేవు పిల్ల కదా. ఆ మాత్రం నోరుంటుంది.”

“మా గిలకలదిండిలో నోరు లేకపోతే చేపలన్నీ కాకులు ఎత్తుకుపోతాయండి.”

ఈసారి తలుపు దగ్గర ఎవరూ నవ్వలేదు.

ఎవరూ కూర్చోమనకుండానే ఆమె కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. తన ఫోను మెమరీ కార్డులో పాటలు బోలెడున్నాయి. ఏ పాట వినిపించినా పాసే. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ పక్క కుర్చీలో శివరామయ్య మొహం చూశాక, ఒట్టి పాసుతో ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. పాటల మీద నుంచి కిందికి దిగి, మొన్న రికార్డు చేసిన ఇంకో ఫైలు దగ్గర ఆగింది. దాని చోటు రాసింది, రకం రాసింది. కేబులు పెట్టి ప్రోగ్రాముని ఫోనులోకి ఎక్కించింది.

కార్డులో ఫైలు చదవమంటావా అని ఫోను అడిగింది. యెస్ నొక్కి, ఫోనుని టేబులు మీద పూర్ణచంద్రరావు ముందు పెట్టింది.

“చూడు రాజకుమారీ,” అంది ఫోను, శివరామయ్య గొంతుతో. “వైవాకి వచ్చే పూర్ణచంద్రరావుగారికి రొయ్యలంటే ప్రాణం. అందరూ ఏదో ఒకటి ఇచ్చుకుంటున్నారు. మీ నాన్నకి సొంత బోటుంది, నీకేం లోటు? ఓ ఐసు పెట్టె నిండా టైగర్ రొయ్యలు మా ఇంటికి పంపించు, నేనాయనకి అందజేస్తాను. లేదంటే వైవాలో ఆయనేం చేస్తాడో నా పూచీ లేదు.”

శివరామయ్య మొహం మీద చెమట పట్టింది. “ఇది... ఇది మిమిక్రీ సార్. ఈ పిల్లలకి...”

రాజకుమారి లేచి నిలబడింది. పూర్ణచంద్రరావు వైపు తిరిగింది. “నేను తేలేదండి. తేను కూడా. మా నాన్న ప్రాణం అరచేతిలో పెట్టుకుని సముద్రం మీదికెళ్ళేది మీ ఇంట్లో వేపుడు కోసం కాదు. ఇప్పుడు రాసుకోండి ఫెయిలు.”

పూర్ణచంద్రరావు మొహం కందగడ్డలా అయింది. తలుపు దగ్గరున్నవాళ్ళు ఒక్కొక్కరూ వెనక్కి జారుకున్నారు. ఆయన ఫోనుని ఆమె వైపు జరిపాడు.

“ఇంకోసారి పెట్టు.”

ఆమె సౌండు పెంచి మరీ పెట్టింది. ఆయన ఆసాంతం విన్నాడు. పెన్ను మూత పెట్టి, పక్క కుర్చీ వైపు తిరిగాడు.

“శివరామయ్యగారూ, నేను గుడ్డు కూడా ముట్టను. మరి ఇన్నేళ్ళుగా నా పేరు మీద రొయ్యలు తింటున్నది ఎవరండీ?”