మెడ తిరిగినంత దూరం

ధబ్‌మని చప్పుడైంది.

కారు వెనక్కి తీస్తున్న డ్రాయింగు మాస్టారు బ్రేకు మీద కాలేసేసరికే పార్కు గేటు పక్కనున్న చెత్త డబ్బా బోర్లా పడింది. ఆ పక్కనే కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్న పెద్దాయన ఒక్క గెంతులో గోడకు అతుక్కుపోయాడు.

ఇక తిట్లు మొదలవుతాయని మాస్టారు అనుకుంటే, ఆయన డబ్బా లేపి నిలబెట్టి, నింపాదిగా కారు కిటికీ దగ్గరికొచ్చాడు.

"వెనక్కి చూసుకోలేదేమండీ?"

"అద్దంలో చూశానండీ."

"అద్దంలో నేను కనబడను. ఏదీ, ఓసారి మెడ తిప్పండి."

మాస్టారు తిప్పారు. చూపు తన భుజం దాకా వెళ్లి ఆగిపోయింది.

నిజానికి ఆ కారు కొన్నాక మాస్టారు ఏనాడూ వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. ఆ పని భార్యది. పక్క సీట్లో నడుం తిప్పి కూర్చుని, "రానీండి, రానీండి... ఆఁ, చాలు" అనేది. స్టీరింగు ఈయనది, మెడ ఆవిడది. ఎండాకాలం సాయంత్రాలు కిటికీలు దించుకుని ఏటి ఒడ్డు రోడ్డు మీద వెళ్లేవారు. ఆవిడ కూనిరాగం అందుకుంటే, పాట అవకుండానే ఇల్లొచ్చేస్తుందేమోనని ఈయన వేగం తగ్గించేవారు.

ఆవిడ పోయాక, ఆ ఖాళీ సీటు పక్కన కూర్చుని ఆదివారాలు ఆ రోడ్డు మీద తిరిగిరావడం ఒక్కటే మాస్టారికి మిగిలిన సంబరం.

ఇప్పుడు దానికీ గండం వచ్చింది. లైసెన్సు గడువు అయిపోవస్తోంది. ఈ వయసులో మళ్లీ పరీక్ష. "తప్పితే కారు అమ్మేద్దాం మావయ్యా" అని అల్లుడు అప్పుడే మొదలెట్టాడు.

మాట వరసకి ఈ సంగతి చెప్పడమే మాస్టారు చేసిన పొరపాటు. మర్నాటి నుంచి పెద్దాయన జిడ్డులా పట్టుకున్నాడు.

"ఈ బెంచీ మీద నిటారుగా కూర్చోండి మాస్టారూ. భుజం కదలకూడదు. మెల్లిగా వెనక్కి... ఏం కనబడుతోంది?"

"నా చొక్కా."

"రేపు కుళాయి కనబడాలి."

ఆ రేపు రావడానికి చాలా రోజులే పట్టింది. మెడ అయ్యాక నడుం. నడుం అయ్యాక మడమ నేలకానించి, బ్రేకు తొక్కినట్టు పాదం ఎత్తడం, దించడం. ఆ తర్వాత చేతులు ఆనించకుండా బెంచీ మీంచి లేవడం. మాస్టారొక్కరే కాదు, కారున్న ముసలివాళ్లు ఎవరు కనబడ్డా ఆయన వదిలేవాడు కాదు. పార్కులో అందరూ ఆయన్ని 'మెడ మహాశయుడు' అని నవ్వుకునేవారు. చివరికి ఏ నొప్పుల నూనో అంటగడతాడని మాస్టారికి లోపల అనుమానం.

నూనె సీసా ఎంతకీ బయటికి రాలేదు.

ఓ పొద్దున మబ్బు పట్టింది.

"ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతా," అన్నారు మాస్టారు.

"నడిచి పోతాలెండి. మీరు కారు తియ్యండి, చూస్తాను. ఊఁ, రెండు వైపులా తిరగండి. భుజం బిగబట్టేశారు, మళ్లీ తిరగండి. అబ్బే, మళ్లీ."

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది.

"అసలు మీరెప్పుడైనా స్టీరింగు పట్టుకున్నారా? నడపడం తెలిస్తే కదా, ఇంకొకరికి చెప్పడానికి!"

అనేశాక నాలుక కరుచుకున్నారు. పెద్దాయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది.

"నిజమే మాస్టారూ, నాకు చేతకాదు," అన్నాడు మెల్లిగా. "ఇంకోసారి తిరగండి."

పరీక్ష రోజు రానే వచ్చింది. పక్కన కూర్చున్న అధికారి కారు వెనక్కి తియ్యమన్నాడు. మాస్టారు నడుం తిప్పి, మెడ తిప్పి చూశారు. రోడ్డూ, గోడా, గోడ వారగా వస్తున్న ఒక ముసలమ్మా కనబడ్డారు. ఆవిడ దాటేదాకా ఆగి, అప్పుడు తీశారు. ఇన్నేళ్లూ తన భార్య చూసింది ఇదన్నమాట అనుకుంటే కళ్లు చెమర్చాయి.

"ఈ వయసులో ఇలా తిరగ్గలిగేవాళ్లు తక్కువండీ," అన్నాడు అధికారి.

మాస్టారు సరాసరి పార్కుకి వెళ్లారు. ముందు ఆ మాటకి క్షమించమనాలి. బెంచీ ఖాళీగా ఉంది. మర్నాడూ అంతే.

"మీకు తెలీదాండీ? పోయారు. నిద్రలోనే," అన్నాడు తోటమాలి. "ఇల్లు ఈ వెనక వీధే."

తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"రండి అన్నయ్యగారూ. డ్రాయింగు మాస్టారు మీరే కదూ? లేవలేను, ఏమీ అనుకోకండి. పరీక్ష ఏమైంది?"

మాస్టారు తెల్లబోయారు. "ప్యాసయ్యానమ్మా. మీకెలా తెలుసు?"

"ఈ ఇంట్లో రోజూ మీ మెడ కబుర్లే కదా! 'ఇవాళ మాస్టారికి కుళాయి కనబడిందోయ్' అంటూ వచ్చారొకరోజు. ఆ పూట ఆనందంగా నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నారు."

"ఆయన్నో మాట అన్నానమ్మా. కారు నడపడం తెలీదని."

"ఎవరికి, ఈయనకా?" ఆవిడ నవ్వేసింది. "పెళ్లయిన కొత్తల్లో ఎన్ని ఊళ్లు తిప్పారనీ! నాకు కునుకు పడితే గతుకు తగలకుండా పోనిచ్చేవారు."

"మరెందుకు మానేశారు?"

ఆవిడ ఒళ్లోని దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుంది.

"ఒకరోజు మా గేట్లోంచి కారు వెనక్కి తీస్తున్నారు. మెడ పట్టేసి, తిరగలేదు. వెనక ఉన్నది నేనే అన్నయ్యగారూ."