సగం అల్లిన గూడు

తుమ్మకొమ్మకు తాను అల్లుకుంటున్న గూడు కనబడక ముసలి గిజిగాడు చెట్టంతా గాలించాడు. వెతుక్కుంటూ పోతే అది కాకి ఉండే వేపకొమ్మకు వేలాడుతోంది. మూగిన పిట్టలతో కాకి, "అంతా నా పనితనమే" అని చెప్పుకుంటోంది. గుడ్లు పెట్టే వేళయిన పిచ్చుక ఒకటి ఆ గూట్లోకి దూరబోతోంది.

"ఒరే కాకీ! అడగకుండా నా గూడు ఎత్తుకొస్తావా?" అని మండిపడ్డాడు గిజిగాడు.

"అందరికీ కనబడేట్టు వేలాడదీసింది నువ్వే కదా తాతా! అలాంటప్పుడు అది అందరిదీ కాదా?" అని ఇకిలించింది కాకి.

దాని సంగతి తర్వాత చూడొచ్చని గిజిగాడు పిచ్చుకకు అడ్డంగా వాలాడు. "ఆగు తల్లీ! అది సగమే అల్లాను, కింద ఇంకా మూయలేదు. గుడ్లు పెడితే నేలపాలే."

పిచ్చుక లోపలికి తొంగి చూసింది. కింద నేల కనబడింది.

"నా బిడ్డలు బతికిపోయారు తాతా" అని పిచ్చుక ఊపిరి పీల్చుకుంది. "పూర్తిచేశాక ఈ గూడు నాకిస్తావా?"

అలా అడిగేసరికి గిజిగాడి కోపం సగం దిగిపోయింది. "ఇస్తానమ్మా" అన్నాడు. మిగిలిన సగం కోపంతో కాకి వైపు తిరిగాడు.

"నువ్వెళ్లి గడ్డిపోచలు పట్రా. ఎవరి గూట్లోంచీ పీక్కురాకు!"