బుడుబుంగ గూడు, కప్పల పాట

“నీళ్ళమీద గూడే ఊగే, గూట్లో…” చిన్ననాటి పాటలో తర్వాతి మాట కప్పల గోలలో బుడుబుంగకు గుర్తురావడం లేదు. వానలకు నడిమి గట్టు తెగి రెండు కుంటలూ ఒకటయ్యాక, ఎగువ కుంట కప్పలు ఆమె గూటి పక్కనే చేరి పాడుతున్నాయి.

“మీ కూతలకు పాములొస్తే నా గుడ్లు మిగలవయ్యా,” అందామె.

“పాట మా ఆచారం. నీకోసం నోళ్ళు కుట్టుకోవాలా?” అన్నాడు కప్పల పెద్ద.

తగవు కుంటలో అందరికన్నా పెద్దదైన తాబేలవ్వ దగ్గరికి వెళ్ళింది. తీర్పు చెప్పవలసిన అవ్వ ఎవరినీ కసరలేదు. “పెద్దాయనా, ఈమె మేతకెళ్ళి వచ్చేదాకా నువ్వు గూట్లో కూర్చో,” అంది.

ఇదేం తీర్పని బుడుబుంగ విస్తుపోయింది.

తిరిగొచ్చేసరికి కప్పలన్నీ అవతలి ఒడ్డున పాడుతున్నాయి. పెద్దాయన గుడ్డుకు చెవి ఆనించి ఉన్నాడు. బుడుబుంగ తాబేలవ్వకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

“మెల్లగా రా తల్లీ,” అన్నాడు పెద్దాయన, “లోపల ఎవరో కదిలారు.”