ఖాళీ సీటు

“ఎక్కకు!”

ఆటో అతను అంత గట్టిగా అరిచేసరికి సమత ఒక కాలు లోపల, ఒక కాలు రోడ్డు మీద ఉంచి అలాగే ఆగిపోయింది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద ఖాళీ సీటున్న ఆటో అందరిదీ. అడిగేదేమీ ఉండదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించగానే కమ్మీ పట్టుకుని ఎక్కేయడమే.

ఈ ఆటోలో వెనక సీట్లో ఒక్కరే ఉన్నారు. నెత్తి నుంచి కాళ్ల దాకా దుప్పటి కప్పుకుని మూలకు ఒదిగి కూర్చున్నారు. ఇంకా ఇద్దరికి చోటుంది.

“ఖాళీగనే ఉన్నది గదన్నా! చేవెళ్ల దవాఖానకు పోవాలె.”

“చెప్తె సమజ్ గాదా? దిగు!”

దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఎర్ర గాజుల చెయ్యి. పో పో అన్నట్టు ఊగింది.

సమతకు ఒళ్లు మండింది. కూర్చున్న మనిషికి కూడా ఇంత పొగరా!

దిగింది. దిగి ఊరుకోలేదు.

“ఆరో నెల కడుపుతోని ఎండల నిలబడ్డ. కండ్లు కనిపిస్తలేవా? నీ ఇంట్ల ఆడోళ్లు లేరా?”

అతను ఆమె కడుపు వైపు చూశాడు. గేరు మార్చాడు. ఆటో వెళ్లిపోయింది.

“పోనియ్యి బిడ్డా,” అంది పక్కన చామంతులమ్ముకునే సుక్కమ్మ. “గసొంటోని ఆటో ఎక్కకుంటెనే మంచిగైంది.”

అసలే ఆ రోజు సమత మనసు మనసులో లేదు.

ఫ్లూ టీకా వేయించుకోమని పోయినసారే చెప్పింది డాక్టరమ్మ. ఇంట్లో మాట్లాడుకుని రమ్మంది. ఇంట్లో మాట్లాడితే తేలే విషయమా అది?

“టీటీ సూది ఏసిండ్రు గద, ఇంకొకటెందుకు? మేము కనలేదా?” అంది అత్త శకుంతలమ్మ.

“నీ ఇష్టం,” అన్నాడు భర్త ప్రవీణ్. ఆ రెండు మాటలు అనేసి నిద్రపోవడమంత సుఖం మగవాడికి ఇంకొకటి లేదు.

సమత భయం వేరు. మొదటి కడుపు నిలవలేదు. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి బొప్పాయి పండును చూసినా భయమే, కొత్త మందు పేరు విన్నా భయమే. సూదికి జ్వరమొస్తే? అది లోపలి బిడ్డకు తగిలితే?

వద్దని చెప్పేయాలనే బయల్దేరింది.

కాసేపటికి ఒక ఖాళీ ఆటో వచ్చి సరిగ్గా ఆమె ముందే ఆగింది.

“పచ్చ చీర చెల్లె! దవాఖానకు పోయేది నువ్వే గద? ఎక్కు. నా పేరు బాలమల్లు. ఎలీషా అన్న ఫోన్ చేసిండు.”

“ఎలీషా ఎవరు?”

“ఇందాక నిన్ను దింపిండంట గద, ఆయననే. నిన్నొక్కతినే తీస్కపొమ్మన్నడు. నడుమ ఎవ్వల్నీ ఎక్కించుకోవద్దన్నడు.”

“దింపుడెందుకు, మల్ల ఆటో పంపుడెందుకు?”

“ఏమో చెల్లె. గంతే చెప్పి పెట్టేసిండు.”

తిడితే గానీ బుద్ధి రాదు కొందరికి, అనుకుంది సమత. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

దవాఖానలో గంటసేపు లైన్లో కూర్చున్నాక సమత వంతు వచ్చింది. నర్సు నిర్మలమ్మ అలసిపోయి ఉంది.

“ఏమనుకున్నవమ్మా సూది సంగతి?”

“వద్దక్కా. భయమైతున్నది.”

నిర్మలమ్మ కోప్పడలేదు. “ఎవరికి కాదమ్మా భయం? ఇందాకనే ఒకామెను అంబులెన్సుల పట్నం పంపినం. ప్రేమజ్యోతి అని. ఏడో నెల. ఫ్లూ జ్వరం ముదిరి ఊపిరాడలే. పోయిన నెల టీకా గురించి చెప్తె ఆమె గూడ గిట్లనే అన్నది, భయమైతున్నదని.”

సమత చెయ్యి కడుపు మీదికి పోయింది. “బిడ్డ?”

“గుండె మంచిగ కొట్టుకుంటున్నది. పెనిమిటి ఆలస్యం చెయ్యకుండ తెచ్చిండు. ఇద్దరికీ ఏం కాదనే అంటున్నది డాక్టరమ్మ.”

నిర్మలమ్మ ఏదో గుర్తొచ్చి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“ఏం మనిషో తల్లీ! తనకే ఊపిరాడ్తలేదు. ఆక్సిజన్ పెడ్తుంటె మాస్కు పక్కకు గుంజి పెనిమిటిని ఒకటే అడుగుడు. ‘మొయినాబాద్‌ల మన ఆటో ఎక్కబోయిన చెల్లె కడుపుతోని ఉన్నది, నా దగ్గు ఆమెకు తాకలే గద? ఆటో పంపుమన్న, దొరికిందో లేదో’ అని.”

సమత తన చేతి గాజుల వైపు చూసుకుంది.

“ఆమె చేతికి ఎర్ర గాజులున్నయా అక్కా?”

“ఉన్నయి. నీకెట్ల తెలుసు?”

సమత జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంది.

“నాకు ఎయ్యక్కా, టీకా.”

సూది దిగింది, వచ్చింది. చీమ కుట్టినంతే. అయినా సమత కళ్ల వెంట నీళ్లు ఆగడం లేదు.

“ఏమ్మా, అంత నొప్పయిందా?”

సమత తల అడ్డంగా ఊపింది.

“నీ ఇంట్ల ఆడోళ్లు లేరా అని తిట్టిన అక్కా ఆయనను,” అంది. “వెనక సీట్లనే ఉన్నది.”